క్రాన్ ఆగింది, జాబ్ ఆగలేదు

ఈ దేశం వచ్చి నాలుగు నెలలు కూడా కాకముందే ఒక శనివారం రాత్రి ప్రొడక్షన్ ఇన్‌స్టలేషన్, అంటే జనం వాడుతున్న అసలు సర్వర్లలో సాఫ్ట్‌వేర్ ఎక్కించే పని, నా చేతికిచ్చారు. కాల్‌లో పదిమంది ఉన్నారు. వాళ్ల యాస నాకు సగమే అర్థమవుతుంది, మళ్లీ చెప్పమనడానికి మొహమాటం, పైగా వీసా ఈ ఉద్యోగంతోనే ముడిపడి ఉంది కాబట్టి ఎంటర్ కొట్టిన ప్రతిసారీ టెన్షనే.

చెక్‌లిస్టులో బ్యాక్‌గ్రౌండ్ జాబ్స్, అంటే వెనకాల వాటంతటవే నడిచే పనులు, ఆపాలని ఒక్క లైను ఉంది. నాలుగు లినక్స్ సర్వర్లలోనూ, ఆ జాబులను టైముకి మొదలుపెట్టే క్రాన్ సర్వీస్‌ని ఆపేసి, స్టేటస్ ఇనాక్టివ్ అని చూసుకుని, అయిపోయిందని చెప్పాను. డేటాబేస్ స్క్రిప్టులు మొదలయ్యాయి. ఒక టేబుల్‌కి కొత్త కాలమ్ కలిపే దగ్గర స్క్రిప్టు ఆగిపోయింది, దానికి లాక్, అంటే ఆ టేబుల్‌ని మార్చేంతసేపు తన ఒక్కదాని చేతిలో పెట్టుకునే హక్కు, దొరకడం లేదు. ఇరవై నిమిషాలు అందరం డేటాబేస్‌నే అనుమానించాం.

చివరికి ఒక సీనియర్ ఆవిడ, "క్రాన్ ఆపావు సరే, అప్పటికే మొదలైన జాబ్ ఏమైంది?" అని అడిగారు. నడుస్తున్న ప్రోగ్రాములను చూపే పీఎస్ కమాండ్ కొట్టి చూస్తే, నేను సర్వీస్ ఆపడానికి కాస్త ముందు లేచిన బిల్లింగ్ జాబ్ అదే టేబుల్‌ని పట్టుకుని హాయిగా నడుస్తోంది. టైముకి జాబ్‌ని లేపడమే క్రాన్ పని. దాన్ని ఆపితే కొత్తవి లేవవు, లేచినవి మాత్రం వాటి పని అవి చేసుకుపోతాయి. విండోస్ టాస్క్ షెడ్యూలర్ కూడా అంతే, టాస్క్‌ని డిసేబుల్ చేసినంత మాత్రాన నడుస్తున్నది ఆగదు, దాన్ని విడిగా ఎండ్ చేయాలి.

చంపేయనా అని అడిగాను. ఆవిడ వద్దన్నారు. సగంలో చంపితే ఎవరికి బిల్లు పడిందో, ఎవరికి పడలేదో తేల్చడానికి ఆదివారమంతా సరిపోదు. అది ముగిసేదాకా కూర్చున్నాం. ఆ రాత్రి ఆవిడ నన్ను ఒక్క మాట అనలేదు, ఆ మంచితనం నాకిప్పటికీ గుర్తే.

ఇప్పుడు నేనైతే ఆ జాబ్‌కి మామూలుగా ఎంతసేపు పడుతుందో పాత లాగుల్లో చూసి, అంత ముందుగానే క్రాన్ ఆపుతాను. సర్వర్ గడియారం యూటీసీలో (ప్రపంచ ప్రామాణిక సమయంలో) ఉందా లోకల్ టైములో ఉందా అన్నది కూడా ముందే చూడాలి, గడియారం ఏడాదికి రెండుసార్లు జరిగే దేశంలో ఇది మరీ ముఖ్యం. క్రాన్ ఒక్కటి ఆపితే సిస్టమ్‌డి టైమర్లు (లినక్స్‌లో జాబులను టైముకి లేపే మరో పద్ధతి) ఆగవు, వాటిని లిస్ట్-టైమర్స్ కమాండ్‌తో విడిగా చూసుకోవాలి. డేటాబేస్‌కి సొంత షెడ్యూలర్ ఉంటే అదీ వేరే. సర్వీస్‌ని స్టాప్ మాత్రమే చేసి వదిలేస్తే, ఇన్‌స్టలేషన్ మధ్యలో సర్వర్ రీబూట్ అయినప్పుడు మళ్లీ లేచి కూర్చుంటుంది, అందుకే డిసేబుల్ కూడా చేస్తాను. దేన్నైనా ముట్టుకునే ముందు ప్రతి యూజర్ క్రాన్‌ట్యాబ్‌నీ, అంటే ఏ జాబ్ ఎప్పుడు నడవాలో రాసిన జాబితాని, క్రాన్‌ట్యాబ్ కమాండ్‌కి మైనస్ ఎల్ ఇచ్చి ఫైల్‌లోకి తీసి పెట్టుకుంటాను, ఎందుకంటే ఎడిట్ చేసే మైనస్ ఈ పక్కనే కీబోర్డు మీద మైనస్ ఆర్ ఉంది, అది మామూలుగా అడక్కుండానే మొత్తం తుడిచేస్తుంది.

తిరిగి మొదలుపెట్టేటప్పుడు ఇంకో సంగతి. ఆపిన సమయంలో తప్పిపోయిన జాబులను క్రాన్ తర్వాత నడపదు, పర్సిస్టెంట్ (తప్పిపోతే తర్వాత నడపమనే సెట్టింగ్) అని పెట్టిన సిస్టమ్‌డి టైమర్లయితే మొదలుపెట్టగానే ఒక్కసారిగా నడిచేస్తాయి. ఆ రాత్రి తెల్లవారుజామున నాలుగింటికి, తప్పిపోయిన రిపోర్టుల జాబుని ఆవిడా నేనూ చేత్తో నడిపి, ఫైళ్లు వచ్చాయని చూసుకున్నాకే కాల్ పెట్టేశాం.