ఇరవై పిక్కలు కోసి బస్తా ధర కట్టేస్తే

మొన్న ఏప్రిల్లో మా అప్ప కూతురు సెమిస్టర్ పరీక్షలకి ప్రశాంతంగా చదువుకుంటానని కాశీబుగ్గ వచ్చి మా ఇంట్లో పది రోజులు ఉంది. డిగ్రీలో స్టాటిస్టిక్స్ తీసుకుంది. నేనూ అదే సబ్జెక్టు చదివి ఇప్పుడు పాఠాలు చెబుతున్నాను కాబట్టి ఏదైనా అర్థం కాకపోతే మావయ్య ఉన్నాడు కదా అని ధైర్యం. పొద్దున్నే వీధి అరుగు మీద కూర్చుని "బైనామియల్, మీన్ ఎన్పీ, వేరియన్స్ ఎన్పీక్యూ, పాయిజాన్, మీన్ లామ్డా, వేరియన్స్ లామ్డా" అని ఎక్కం చదివినట్టు చదువుతోంది. ఒక్క తప్పు లేదు. "మరి పరీక్షలో ఒక లెక్క ఇచ్చి ఇది ఏ డిస్ట్రిబ్యూషనో వాళ్ళు చెప్పకపోతే ఏం చేస్తావమ్మా?" అని అడిగాను. కాసేపు ఆలోచించి "అదే టెన్షన్ మావయ్యా" అంది.

ఈ టెన్షన్ నేను ప్రతి సంవత్సరం చూస్తాను. ఏ ఫలితం రావడానికి ఎంత అవకాశమో చెప్పే లెక్కనే డిస్ట్రిబ్యూషన్ అంటాం, బైనామియల్, పాయిజాన్ అలాంటివాటి పేర్లు. సూత్రాలన్నీ వస్తాయి, ఏ సూత్రం ఎక్కడ వాడాలో రాదు. అది పిల్లల తప్పని నేను అనుకోను, మనం చెప్పే వరస అలా ఉంది. ముందు పేరు, తర్వాత సూత్రం, చివర్న ఒక నాణెం లెక్క. నా మటుకు నాకు సూత్రం కంటే ముందు అడగాల్సినవి రెండే ప్రశ్నలు: దేన్ని లెక్కపెడుతున్నాం, లెక్కపెట్టడం ఎక్కడ ఆపుతున్నాం. ఈ రెండూ తేలితే పేరు దానంతట అదే వస్తుంది.

ఆ రోజు పెరట్లో ఉద్దానం నుంచి వచ్చిన జీడిపిక్కల బస్తాలు ఉన్నాయి, మా నాన్న ఇప్పటికీ కొద్దిగా పిక్కల వ్యాపారం చేస్తారు. పిక్కలు కొనేటప్పుడు బస్తాలోంచి కొన్ని తీసి, కోసి, లోపల పప్పు బాగుందా పుచ్చిపోయిందా చూసి దాన్ని బట్టి ధర చెప్పడం పలాస చుట్టుపక్కల ఎవరికీ కొత్త కాదు. అందుకే పుస్తకం మూసి ఆ బస్తా దగ్గరికి తీసుకెళ్ళాను.

ఒక పిక్క తీసి కోశాం. బాగుంటుంది, లేదా పుచ్చుతుంది, మూడోది లేదు. పుచ్చితే 1, బాగుంటే 0 అని రాసుకుంటే అదే బెర్నూలీ. పుచ్చు పడే సంభావ్యత పి అయితే సగటు పి, వేరియన్స్ (సగటుకి అటూ ఇటూ ఎంత చెదురుతుందో చెప్పే కొలత, తెలుగు పుస్తకాల్లో విస్తృతి అంటారు) పీక్యూ, క్యూ అంటే ఒకట్లోంచి పి తీసేస్తే మిగిలింది. పదింట ఒకటి పుచ్చే సరుకులో అది 0.09, సగానికి సగం పుచ్చే సరుకులో 0.25, అంతకు మించి ఎప్పుడూ రాదు. సగం సగం ఉన్నప్పుడే ఏమొస్తుందో చెప్పడం అన్నిటికంటే కష్టం కదా, వేరియన్స్ చెప్పేది అదే.

ఇప్పుడు 20 పిక్కలు కోద్దాం అని ముందే అనుకుని కోశామనుకోండి. ఆపే చోటు ముందే నిర్ణయం అయిపోయింది, పుచ్చులు ఎన్ని వస్తాయన్నదే తెలియదు. ఇదే బైనామియల్. పదింట ఒకటి పుచ్చే సరుకైతే 20కి సగటున 2 (అదే ఎన్పీ, ఎన్ అంటే ఎన్ని కోశామో), వేరియన్స్ 1.8 (అదే ఎన్పీక్యూ). ఇక్కడిదాకా పుస్తకంలో ఉన్నదే. కానీ నేను ఆమె చేత తర్వాత లెక్క కూడా కట్టించాను, ఎందుకంటే నాకు అక్కడే మనసు పట్టుకుంటుంది. ఒక్క పుచ్చు కూడా రాకపోయే అవకాశం 0.9ని 20 సార్లు గుణిస్తే వస్తుంది, అంటే దాదాపు 0.12. నాలుగు గానీ అంతకంటే ఎక్కువ గానీ వచ్చే అవకాశం దాదాపు 0.13. అంటే సరిగ్గా ఒకే రకం సరుకు తెచ్చిన వంద మంది రైతుల్లో ఓ పన్నెండు మందికి "మీ సరుకు బంగారం" అనే మాట, ఓ పదమూడు మందికి "అయిదో వంతు పుచ్చే" అనే మాట వినిపిస్తాయి. సరుకులో తేడా ఏమీ లేదు, చేతికి ఏ ఇరవై తగిలాయన్నదే తేడా.

ఇది నాకు ఒట్టి లెక్క కాదు. కొన్నేళ్ళ క్రితం మా చిన్నాన్న వజ్రపుకొత్తూరు వైపు తోటలోంచి సరుకు ఆటోలో వేసుకుని ఒక వ్యాపారి దగ్గరికి తీసుకెళ్తే, ఒక్క బస్తాలోంచి ఇరవై తీసి కోసి నాలుగు పుచ్చులు చూపించి మొత్తం లోడుకి ధర తగ్గించేశాడు. చిన్నాన్న ఎదురు మాట్లాడలేదు, కళ్ళముందు నాలుగు కనిపిస్తుంటే ఏం మాట్లాడతాడు? ఆ ఇరవైకి బదులు రెండు వందలు కోసి ఉంటే సగటు 20, వేరియన్స్ 18, దాని వర్గమూలం, అంటే మామూలుగా అటూ ఇటూ ఊగే మేర, నాలుగుకి కాస్త పైన. శాతంలో చూస్తే ఇరవై పిక్కల పరీక్షలో అటూ ఇటూ 6.7 శాతం ఊగేది రెండు వందల పరీక్షలో 2.1 శాతమే ఊగుతుంది. పది రెట్లు కోస్తే ఊగడం పదో వంతు కాదు, మూడో వంతు కంటే కొంచెం తక్కువ అవుతుంది, ఆ వర్గమూలం వల్ల. ప్రయత్నాలు పెరిగేకొద్దీ చూసిన నిష్పత్తి అసలు నిష్పత్తికి దగ్గరవుతుందని స్విట్జర్లాండ్‌లోని బాసెల్ ఊరివాడు జాకబ్ బెర్నూలీ నిరూపించాడు, ఆయన 1705లో పోతే ఆ పుస్తకం 1713లో అచ్చయింది. మూడు వందల ఏళ్ళు దాటింది, ఆ మాట ఇంకా మన కాటాల దగ్గరికి రాలేదని నాకు బాధ.

మేనకోడలు మంచి ప్రశ్న వేసింది. "కోసిన పిక్కని తిరిగి బస్తాలో వెయ్యం కదా మావయ్యా, మరి పి మారిపోదా?" మారుతుంది. వేలకొద్దీ పిక్కలున్న బస్తాలో ఇరవై తీస్తే ఆ మార్పు లెక్కలోకి రాదు కాబట్టి బైనామియల్ సరిపోతుంది. అదే నేల మీద 40 పిక్కల చిన్న కుప్ప ఉండి, అందులో సరిగ్గా 4 పుచ్చులుంటే? అందులోంచి 20 కోస్తే అది హైపర్‌జామెట్రిక్. సగటు అదే 2, కానీ వేరియన్స్ 1.8 కాదు, దాన్ని 39లో 20 వంతుకి (కొయ్యకుండా మిగిలినవి 20, మొత్తానికి ఒకటి తక్కువ 39) తగ్గించాలి, దాదాపు 0.92 వస్తుంది. ఒక్క పుచ్చూ తగలని అవకాశం కూడా 0.12 నుంచి 0.05కి పడిపోతుంది. మొత్తం 40 కోసేస్తే వేరియన్స్ సున్నా, ఇంకేం మిగిలిందని అనుమానపడటానికి? ఆ తగ్గించే వంతు ఎందుకు ఉందో ఇలా చూస్తే కంఠస్థం పట్టక్కర్లేదు.

ఆపే చోటు మార్చి చూద్దాం. ఎన్ని కోస్తామో ముందు అనుకోం, మొదటి పుచ్చు పడేదాకా కోస్తూనే ఉంటాం. ఇప్పుడు లెక్కపెట్టేది పుచ్చుల్ని కాదు, కోసిన పిక్కల్ని. ఇది జామెట్రిక్. సగటు ఒకటిని పితో భాగిస్తే వచ్చేది, మన సరుకుకి 10. వేరియన్స్ క్యూని పి వర్గంతో భాగిస్తే వచ్చేది, 90. సగటు పది అన్నాం కదా అని పదో పిక్కకే పుచ్చు పడుతుందని ఎదురుచూడకూడదు. అన్నిటికంటే ఎక్కువ అవకాశం ఉన్నది మొదటి పిక్కకే, ఏడు పిక్కలు కోసేసరికే సగానికి పైగా సార్లు పుచ్చు పడిపోతుంది, కానీ అప్పుడప్పుడు ముప్ఫై నలభై దాకా సాగి సగటుని పైకి లాగుతుంది. పరీక్ష రాసేవాళ్ళు ఒకటి చూసుకోండి, కొన్ని పుస్తకాలు పుచ్చు పిక్కని కూడా కలిపి లెక్కపెడతాయి, కొన్ని దానికి ముందు వచ్చిన మంచివాటినే లెక్కపెడతాయి. అప్పుడు సగటు 9 అవుతుంది, వేరియన్స్ మాత్రం మారదు. ప్రశ్నలో ఏది అడిగారో చదవకుండా సూత్రం రాసి మార్కులు పోగొట్టుకున్నవాళ్ళని చాలామందిని చూశాను. మొదటి పుచ్చు దగ్గర కాకుండా మూడో పుచ్చు దగ్గర ఆపితే నెగటివ్ బైనామియల్, సగటూ వేరియన్సూ రెండూ మూడు రెట్లు, 30, 270. దాని గురించి అంతకంటే చెప్పక్కర్లేదు.

జామెట్రిక్‌లో అసలు విషయం దానికి జ్ఞాపకం లేకపోవడం. వరసగా పదిహేను మంచివి వచ్చాయి. పక్కనే పిక్కలు ఏరుతున్న మా అమ్మ "ఇంక ఇప్పుడు పడుతుంది చూడు" అంది. అందరం అలాగే అనుకుంటాం. కానీ పి పదింట ఒకటని తెలిసి ఉంటే, పదహారో పిక్కకి ముందు పదిహేను ఏమయ్యాయో తెలియదు, ఇంకా సగటున పది కొయ్యాల్సిందే. పి మనకి తెలియనప్పుడు కథ వేరు, అప్పుడు పదిహేను మంచివి వరసగా రావడం "ఈ సరుకు నువ్వనుకున్న దాని కంటే మంచిది" అని చెబుతోంది, అంటే మా అమ్మ అన్నదానికి సరిగ్గా ఎదురు దిక్కు.

సాయంత్రం కరెంటు పోయింది. డాబా మీద కూర్చుంటే మాట తుపానుల మీదకి మళ్ళింది, మా వైపు అక్టోబరు అంటే ఇప్పటికీ గుండెలో రాయి పడ్డట్టుంటుంది. 2013 అక్టోబరు 12న ఫైలిన్ గోపాల్‌పూర్ దగ్గర, సరిగ్గా ఏడాదికి 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖ దగ్గర, 2018 అక్టోబరు 11న తిత్లీ మా పలాస పక్కనే. తిత్లీకి ఉద్దానంలో కొబ్బరి చెట్లూ జీడి తోటలూ నేలమట్టమయ్యాయి, మా చిన్నాన్న తోట కూడా. "ఆరేళ్ళలో మూడా, దానికేదో లెక్క ఉండే ఉంటుంది" అంది అమ్మ.

దీనికి ఎన్ ఏమిటి అని మేనకోడల్ని అడిగాను. చెప్పలేకపోయింది, చెప్పలేకపోవడమే సరైన జవాబు. పిక్కల్లో పుచ్చులు ఎన్నో చెప్పగలం, పుచ్చనివి ఎన్నో కూడా చెప్పగలం. తుపానులు ఎన్ని వచ్చాయో చెప్పగలం గానీ "రాని తుపానులు ఎన్ని" అన్న ప్రశ్నకి అర్థమే లేదు. ప్రయత్నాల సంఖ్య లేకుండా ఇంత కాలంలో, ఇంత చోటులో ఎన్ని జరిగాయి అని మాత్రమే లెక్కపెట్టగలిగిన చోట పాయిజాన్. బైనామియల్‌లో ఎన్ బాగా పెంచి పి బాగా తగ్గిస్తే వచ్చేదీ ఇదే: నూటికి ఒకటి పుచ్చే సరుకులో 200 కోస్తే ఒక్కటీ పడని అవకాశం బైనామియల్‌లో 0.134, లామ్డా (అంటే సగటు) 2 పెట్టిన పాయిజాన్‌లో 0.135.

సగటూ వేరియన్సూ ఒకటే కావడం దీని గుర్తు. 1898లో బోర్ట్‌కీవిచ్ అనే స్టాటిస్టిక్స్ పండితుడు ప్రష్యా (పాత జర్మన్ రాజ్యం) సైన్యంలో గుర్రం తన్ని చనిపోయిన సైనికుల లెక్క తీశాడు. పది దళాలు, ఇరవై ఏళ్ళు, మొత్తం 200 లెక్కలు, 122 మరణాలు, సగటు 0.61. ఒక్క మరణమూ లేనివి 109, ఒకటి 65, రెండు 22, మూడు 3, నాలుగు 1. పాయిజాన్ ప్రకారం రావాల్సినవి 108.7, 66.3, 20.2, 4.1, 0.6. ఎక్కడి గుర్రాలు, ఎక్కడి సూత్రం! నేను ఈ పట్టిక క్లాసులో బోర్డు మీద రాసిన ప్రతిసారీ కాసేపు ఎవరూ మాట్లాడరు.

అమ్మ ప్రశ్నకి వస్తే, మాట వరసకి పెద్ద తుపాను అయిదేళ్ళకి ఒకటి చొప్పున అనుకుందాం. ఆరేళ్ళకి లామ్డా 1.2. ఆరేళ్ళలో మూడు గానీ ఎక్కువ గానీ వచ్చే అవకాశం 0.12, అంటే ఎనిమిదింట ఒకటి. అదేమంత అరుదు కాదు. దేనికీ దేనితో సంబంధం లేకుండా వచ్చేవి సమంగా దూరం దూరంగా రావు, ఒక్కోసారి గుంపుగా వచ్చి ఒక్కోసారి ఏళ్ళ తరబడి జాడ ఉండదు. నెలల లెక్కన చూస్తే మాత్రం ఇది చెల్లదు, ఏప్రిల్‌కీ అక్టోబరుకీ లామ్డా ఒకటి కాదు కాబట్టి.

పాయిజాన్ గురించి ఇంకొక్కటి, మన విశాఖలో ఆంధ్రా యూనివర్సిటీలో లెక్కలు చదివిన స్టాటిస్టిక్స్ పండితుడు సి.ఆర్. రావు గారి మాట. నాన్నకి చూపు తగ్గింది, పది పుచ్చుల్లో ఎనిమిదే పట్టుకుంటారనుకోండి. అసలు లెక్క పాయిజాన్ అయితే ఆయన పట్టుకున్న లెక్క కూడా పాయిజానే, లామ్డాని 0.8తో గుణిస్తే చాలు. 1964లో రావు గారూ రూబిన్ అనే ఇంకో గణితవేత్తా కలిసి దీన్ని తిరగేసి చూపించారు: ఇలా కొన్ని జారిపోయాక మిగిలిన లెక్కకీ, ఏదీ జారిపోని సందర్భాల లెక్కకీ ఒకే డిస్ట్రిబ్యూషన్ వస్తే అసలు లెక్క పాయిజాన్ అయి తీరాలి. 2023 ఆగస్టులో 102 ఏళ్ళ వయసులో ఆయన పోయిన రోజు నేను క్లాసులో ఈ ఒక్క ఫలితమే చెప్పాను.

మర్నాడు నాన్నే అడిగారు, "అయితే ఎన్ని కొయ్యమంటావురా?" అని. చేతులకి నూనె రాసుకుని ఒక బస్తాలో నాలుగు చోట్ల నుంచి యాభై చొప్పున 200 పిక్కలు కోశాం, మేనకోడలు నోటు పుస్తకంలో గీతలు పెట్టింది. పైన 3 పుచ్చులు, ఆ కింద 2, ఆ కింద 4, అడుగున 13. మొత్తం 22, అంటే 11 శాతం. "ఒక్కో యాభైకి అయిదున్నర రావాలి, ఎన్పీక్యూ వర్గమూలం రెండుంబావు కూడా లేదు, పదమూడు ఎలా వస్తుంది మావయ్యా? పి అన్ని చోట్లా ఒకటే కాదు, ఇది బైనామియల్ కాదు" అంది, నేను ఏమీ అనకముందే. నాన్న లేచి బస్తా అడుగు తడిమి చూశారు. గోనె చెమ్మగా ఉంది. అంతకు ముందు వారం వాన పడ్డప్పుడు ఆ బస్తా గచ్చు మీద గోడ వారగా ఉండిపోయింది. మిగతా బస్తాలు కూడా విప్పి, అడుగు పిక్కలన్నీ విడిగా టార్పాలిన్ మీద ఎండకి పోశాం, మధ్యాహ్నం దాకా అదే పని సరిపోయింది.