మా గుర్రానికి ఇన్‌హేలర్

మా ఆడగుర్రానికి దగ్గు మొదలైన కొత్తలో మొయినాబాద్‌లో చుట్టుపక్కల గుర్రాలున్న వాళ్లంతా పెన్సిలిన్ వేయించమన్నారు. డాక్టరు గారు ముందు జ్వరం చూశారు. వంద డిగ్రీలు, గుర్రానికి అది మామూలే. దవడ కింద గడ్డలూ లేవు. ఊరికే నిలబడ్డ గుర్రం నిమిషానికి 8 నుంచి 16 సార్లు ఊపిరి తీస్తుంది, మాది 30 దాటిపోతోంది. ఊపిరి వదిలిన ప్రతిసారీ డొక్క మీద కండ గీతలా తేలేది. "ఇది ఆస్తమా అండీ, యాంటీబయాటిక్ దండగ" అన్నారాయన.

అయినా ముందుజాగ్రత్తగా దాన్ని వేరుగా కట్టించి, గ్లాండర్స్ పరీక్షకు రక్తం హిసార్‌లోని జాతీయ అశ్వ పరిశోధన కేంద్రానికి పంపించారు. అది మనుషులకూ అంటుకునే జబ్బు. ఉందని తేలితే వైద్యం ఉండదు, గుర్రాన్ని చంపేయాల్సిందే. నెగెటివ్ అని తెలిసేదాకా ఇంట్లో ఎవరికీ అన్నం సయించలేదు.

డెక్సామెథాసోన్ అనే స్టెరాయిడ్ సూదులతో మొదలుపెట్టి మెల్లగా మోతాదు తగ్గించారు. ఆయాసం త్వరగానే తగ్గింది. స్టెరాయిడ్ పడక కొన్ని గుర్రాలకు గిట్టల లోపల వాపు వస్తుందట, అందుకని రోజూ పొద్దున్నే నాలుగు గిట్టలూ పట్టుకుని వేడిగా ఉన్నాయేమో చూసేవాణ్ణి.

తర్వాత ఇన్‌హేలర్‌కు మారాం. గుర్రం నోటితో గాలి పీల్చదు కాబట్టి ముక్కుపుటానికి బిగించే స్పేసర్, అంటే ఇన్‌హేలర్ మందును ముక్కులోకి అందించే డొల్ల డబ్బా, కావాలి. అమెరికా నుంచి వస్తూ మా తమ్ముడు తెచ్చాడు. మందు మాత్రం మనుషులదే: ముందు ఊపిరి గొట్టాలు తెరిచే సాల్బుటమాల్, అవి తెరుచుకున్నాక వాపు తగ్గించే బుడెసొనైడ్. "ఇంట్లో ఎవరికండీ ఆస్తమా, ఇన్ని తీసుకెళ్తున్నారు?" అన్నాడు మెడికల్ షాపతను. చెబితే నమ్మలేదు. మనకు ఒకటి రెండు పఫ్‌లు చాలు, దానికి పూటకు అరడజను పైనే. 'టుస్సు'మన్న చప్పుడుకు తల ఎగరేసేది. ఉత్త స్పేసర్ పెట్టి, బెల్లం ముక్క తినిపించి అలవాటు చేశాం.

అసలు తేడా మేత మార్చాక కనిపించింది. ఎండుగడ్డిలోని బూజు, దుమ్మే ఈ జబ్బును రేపుతాయి. అది ఆగకపోతే ఎన్ని మందులు వాడినా ఖర్చే. ఇప్పుడు గడ్డిని నీళ్లలో నానబెట్టి వేస్తున్నాం, కింద పరిచే వరిగడ్డి తీసేసి రబ్బరు మ్యాట్ వేశాం, పగలంతా బయటే కడుతున్నాం. సూదులు ఆపేశాం, ఇన్‌హేలర్ అప్పుడప్పుడే. కొట్టం ఊడ్చేటప్పుడు మాత్రం దాన్ని దూరంగా తీసుకెళ్లాల్సిందే, లేదంటే సాయంత్రానికి మళ్లీ దగ్గుతుంది.