సెల్ఫ్ మోటార్ మార్చమన్నారు, ఎర్త్ కేబుల్‌తో సరిపోయింది

మా కారు 2005 మోడల్ చిన్న పెట్రోల్ బండి. ఏ కంపెనీదన్నది అనవసరం, ఆ వయసొస్తే ఎవరి బండికైనా వచ్చే జబ్బులే ఇవి. పైగా మేముండేది విశాఖలో, పెదవాల్తేరులో. సముద్రపు గాలికి గేటు గొళ్ళేలే తుప్పు పట్టిపోతాయి, ఇక బానెట్ కింద ఇనుము సంగతి చెప్పాలా!

తాళం తిప్పితే ఒక్కసారి ‘టక్’మనేది, అంతే. మళ్ళీ తిప్పితే మళ్ళీ టక్. ఒక్కోరోజు నాలుగైదు సార్లు తిప్పాక ఏమీ ఎరగనట్టు స్టార్ట్ అయిపోయేది. పూర్తిగా చచ్చిపోయినా నయమే. ఇలా ఉండీ లేనట్టుండే రోగంతో ఆఫీసుకి బయల్దేరే ప్రతిసారీ టెన్షన్.

బ్యాటరీ షాపతను వచ్చి, “బ్యాటరీ అయిపోయింది మాస్టారూ, కొత్తది వేసేద్దాం” అన్నాడు. దాన్ని కొని ఏడాదిన్నర కూడా కాలేదు. తర్వాత వచ్చిన మెకానిక్ కిందికి దూరి, ఇంజన్‌ని తిప్పి స్టార్ట్ చేసే సెల్ఫ్ మోటార్‌ని పానాతో రెండు దెబ్బలు వేసి తాళం తిప్పమన్నాడు. వెంటనే స్టార్ట్ అయింది. “చూశారా, సెల్ఫ్ పోయింది. అయిదారు వేలవుద్ది” అని తేల్చేశాడు. రెండూ మార్చి, ఆ తర్వాత మరొకటి మార్చుకుంటూ పోతే బండి విలువకి మించి పెట్టుబడి అవుతుంది. ముందు కరెంటు ఎక్కడ ఆగుతోందో చూద్దామని మూడొందల యాభై పెట్టి ఒక డిజిటల్ మీటర్ కొన్నాను.

మీటర్ లేకపోయినా చెవులతోనే సగం తెలుస్తుంది. తాళం తిప్పగానే టకటకటకమని వరసగా కొట్టుకుంటే చాలావరకు బ్యాటరీలో చార్జింగ్ లేనట్టు. అసలు చప్పుడే లేకపోతే తాళం స్విచ్, ఫ్యూజు, రిలే, సెల్ఫ్‌కి వెళ్ళే సన్న వైరు చూసుకోవాలి. మాది మూడో రకం, గట్టిగా ఒకే ఒక్క టక్. అంటే మోటార్‌కి కరెంటు కలిపే స్విచ్చు, అదే సొలినాయిడ్‌ వరకు కరెంటు వస్తోంది, మోటార్ తిరగడానికి కావలసినంత మాత్రం అందడం లేదు. హెడ్‌లైట్లు వేసి తాళం తిప్పి చూశాను. లైట్లు పెద్దగా తగ్గలేదు. బ్యాటరీ నీరసంగా ఉంటే అవి మసకబారిపోవాలి.

మీటర్ కూడా అదే మాట చెప్పింది. బండి రాత్రంతా ఆగి ఉన్నాక బ్యాటరీ 12.5 వోల్టులు. 12.6 అంటే ఫుల్ చార్జింగ్ కాబట్టి ఇది బాగున్నట్టే. సెల్ఫ్ కొట్టేటప్పుడు 12 దగ్గరే ఉండిపోయింది. మోటార్ నిజంగా కరెంటు లాగుతుంటే పది, పదకొండుకి దిగాలి, 9.6 కన్నా కిందికి పోతే అప్పుడు బ్యాటరీని అనుమానించాలి. అంటే బ్యాటరీలో సరుకుంది, దారే మూసుకుపోయింది.

అసలు పరీక్ష ఆ తర్వాతది. గేరు న్యూట్రల్‌లో పెట్టి, హ్యాండ్‌బ్రేక్ లాగి, మా అబ్బాయిని తాళం దగ్గర కూర్చోబెట్టాను. మీటర్ నల్ల వైరుని బ్యాటరీ మైనస్ సీసపు పోల్ మీద ఆనించాను. క్లాంపు మీద కాదు, పోల్ మీదే. ఎర్ర వైరుని ఇంజన్ మీద రంగు లేని చోట ఆనించి, తిప్పమన్నాను. ఈ రెండూ ఒకే ఎర్త్, అంటే కరెంటు తిరిగి బ్యాటరీ మైనస్‌కి చేరే దారి, కాబట్టి 0.2, మహా అయితే 0.3 వోల్టులు చూపించాలి. మీటర్ ఐదు దాటింది! వందేసి ఆంపియర్లు లాగే మోటార్‌కి దారిలో 0.05 ఓమ్‌ల అడ్డు ఉన్నా ఐదు వోల్టులు అక్కడే హరించుకుపోతాయి. ఆ మాత్రం అడ్డుని మామూలు మీటర్‌తో ఓమ్స్‌లో కొలిస్తే వైరు బాగానే ఉందన్నట్టు చూపిస్తుంది. అందుకే సెల్ఫ్ కొడుతున్నప్పుడే వోల్టులు చూడాలి.

నమ్మకం కుదరక పక్కింటాయన జంపర్ కేబుల్ ఒకటి తెచ్చి బ్యాటరీ మైనస్ నుంచి నేరుగా ఇంజన్‌కి తగిలించాను. తాళం తిప్పడం ఆలస్యం, స్టార్ట్!

మా బండిలో మైనస్ నుంచి రెండు వైర్లు వెళ్తాయి. సన్నది బాడీకి, లావుది గేర్‌బాక్స్‌కి. లైట్లు బాడీ ఎర్త్ మీద వెలుగుతాయి కాబట్టి వాటికి లోటు రాలేదు. గేర్‌బాక్స్ వైపుది చెడిపోయేసరికి సెల్ఫ్ కరెంటు దొరికిన దారల్లా వెతుక్కుంది. వరసగా సెల్ఫ్ కొట్టినప్పుడు యాక్సిలరేటర్ కేబుల్ వేడెక్కడం అంతకుముందే గమనించాను గానీ, ఆ కరెంటు దాని గుండా పోతోందని అప్పుడు తెలిసింది. ఆ ఎర్త్ బోల్టు సెల్ఫ్ మోటార్‌కి జానెడు దూరంలోనే ఉంది. మెకానిక్ పానా దెబ్బకి అదే అదిరి కాస్త కాంటాక్ట్ దొరికి ఉంటుందని నా అనుమానం. పాపం, అతను చూసింది చూసినట్టే చెప్పాడు.

ముందు బ్యాటరీ మైనస్ విప్పాను. ప్లస్ ముందు విప్పితే పానా బాడీకి తగిలితే నిప్పులు చిమ్ముతుంది. గేర్‌బాక్స్ దగ్గర లగ్గు, అంటే వైరు చివర బోల్టు దూరే రింగు, నిండా ఆకుపచ్చ పొడి. సాండ్ పేపర్‌తో గీకేసి బిగిద్దామనుకున్నాను గానీ, వైరు వంచితే లోపల కరకరమంది. పైన రబ్బరు కోసి చూస్తే రాగి తీగలు నల్లబడి, వేలితో నలిపితే రాలిపోతున్నాయి. అదే పొడవున లావు కేబుల్‌కి రెండు వైపులా లగ్గులు కొట్టించి తెచ్చుకున్నాను, 280 రూపాయలు. బోల్టు కూర్చునే చోట లోహం మెరిసేదాకా రుద్ది, బిగించి, పైన వాజలీన్ పూశాను. బ్యాటరీ పోళ్ళ మీద తెల్లటి పొడిని వంటసోడా కలిపిన వేడినీళ్ళతో కడిగాను. ఆ నీళ్ళు బ్యాటరీ లోపలికి మాత్రం పోకూడదు. ఇప్పుడు అదే పరీక్షకి మీటర్ 0.1 చూపిస్తోంది.

మిగిలింది చిన్న బెడద. బండి రెండు మూడు రోజులు కదలకపోతే సెల్ఫ్ బాగానే తిరుగుతుంది, ఇంజన్ అందుకోవడమే ఆలస్యం. తాళం ‘ఆన్’లో పెట్టి, వెనక సీటు కింద పెట్రోల్ పంపు చప్పుడు ఆగేదాకా ఉండి, ఆపేసి, మళ్ళీ అలాగే చేసి అప్పుడు సెల్ఫ్ కొడితే ఠక్కున అందుకుంటోంది. అంటే ఆగి ఉన్నప్పుడు లైన్లో పెట్రోల్ ప్రెషర్ నిలవడం లేదు, బహుశా పంపులోని వాల్వు అరిగి ఉంటుంది. పంపు అంటే మళ్ళీ వేలల్లో మాట. తాళం రెండుసార్లు తిప్పితే పనైపోతుంటే ఇప్పట్లో దాని జోలికి పోను. పెట్రోల్ వాసన వస్తే మాత్రం అదే రోజు షెడ్డుకి తోలతాను.