కందిబద్దంత మట్టి

మొన్న ఇక్కడ జపాన్‌లో, మా ల్యాబ్‌లో మాట పడ్డాను. కోర్ నుంచి, అంటే సముద్రం అడుగున తవ్వి తీసిన మట్టి కడ్డీ నుంచి, శాంపిల్ కోసి తూకం వేశాక, స్పాచులాకి అంటుకున్న బంకమట్టిని టిష్యూతో తుడిచి చెత్తబుట్టలో వేశాను. కందిబద్దంత ఉంటుందేమో. పక్కన పనిచేస్తున్న పెద్దాయన, రిటైర్మెంట్‌కి దగ్గరపడ్డ టెక్నీషియన్, బుట్టలోంచి ఆ టిష్యూ తీసి, మట్టిని గీకి చిన్న కవర్లో వేశారు. "ఇది మళ్లీ దొరకదు" అన్నారు. గొంతు పెంచలేదు. అయినా అందరూ విన్నారు.

అప్పట్నుంచి అదే నలుగుతోంది. నాకు తెలియని సంగతా అది? 2011 మార్చి భూకంపంలో జపాన్ ట్రెంచ్ అనే సముద్రపు అగాధం దగ్గర ఫాల్ట్, అంటే భూమి పలకల మధ్య పగులు, దాదాపు 50 మీటర్లు జారింది. అంతలా ఎందుకు జారిందో తెలుసుకోవడానికి మరుసటి ఏడాదే సముద్రం అడుగున తవ్వే చిక్యూ ఓడ అక్కడికి వెళ్లింది. సుమారు 6,900 మీటర్ల నీళ్లు, ఆ కింద ఇంకో 820 మీటర్ల మట్టి, రాయి. అన్నీ దాటితే ఫాల్ట్ తగిలింది. దాంట్లోంచి పైకొచ్చిన కోర్ ఒక్క మీటరు. స్మెక్టైట్ అనే బంకమట్టి ఖనిజం నిండిన మట్టి, తడిస్తే జారుడు. రాపిడి వేడి చల్లారిపోకముందే కొలవాలని బోరులో సెన్సార్లు కూడా దించారు. అవి చూపించిన తేడా 0.31 డిగ్రీలు. వేడి అంత తక్కువగా పుట్టిందంటే ఫాల్ట్ ఎంత తేలిగ్గా జారి ఉండాలి! మా టేబుల్ మీదున్నది ఆ మీటరులోని ముక్కే.

ఇంత తెలిసీ మనసు ఒప్పుకోవడం లేదు. మన దగ్గరైతే "కళ్లు నెత్తికెక్కాయా" అని గట్టిగా కేకలేస్తారు, పావుగంటకి వాళ్లే టీకి పిలుస్తారు. అక్కడితో ఆ గొడవ తీరిపోతుంది. ఇక్కడ మెల్లగా అన్న ఆ ఒక్క మాట ఎప్పటికి తీరుతుందో తెలియడం లేదు. ఆ మధ్యాహ్నమే ఆయన నన్ను మామూలుగా పలకరించారు. నా టెన్షన్ ఇంకా పెరిగింది.

రాత్రి కంచం కడుగుతుంటే అమ్మ గుర్తొచ్చింది. మెతుకు కింద పడితే ఊరుకునేదా? ఏరి తినమనేది. అప్పుడు నాకెప్పుడూ అవమానం అనిపించలేదు. అమ్మ కాబట్టి, ఇల్లు కాబట్టి.

ఈరోజు కోర్ ట్రే పక్కన ఆ కవరు కనిపించింది. 0.1 గ్రాము, సెక్షన్ నంబరు, తేదీ. శాంపిల్ తీసినవారి పేరు ఉండాల్సిన చోట జపనీస్ కటకానా లిపిలో నా పేరు, ఆయన చేతిరాతే. తప్పు నా పేరున రాశారో, మట్టి నాదని రాశారో. అడగాలనిపించింది, నోరు రాలేదు. కవరు తీసుకెళ్లి ఫ్రిజ్‌లో నా శాంపిళ్ల వరసలో పెట్టాను.