శనివారం మేడ మీద బ్లూస్

గురువారం. రాత్రి పదకొండు దాటింది.

పొద్దున ఆరున్నరకి వీణ మీద సారణి తీగ, అంటే పాట వాయించే మొదటి తీగ, తెగింది. తెగిన కొస చూపుడు వేలి గోటి పక్కన గీరుకుని సన్నగా రక్తం కూడా వచ్చింది. ఏడింటికి ట్యూషన్ పిల్లలు వస్తారు. అంతలోపల కొత్త తీగ వేసి, శ్రుతి చేసి, అది దిగిపోయిన ప్రతిసారీ మళ్ళీ బిగిస్తూ కూర్చోవాలి. కొత్త తీగ మొదటి రోజు మాట వినదు. అయినా విసుగు రాలేదు. అది పాత తీగ, పైగా నెల రోజులుగా నేను దాన్ని లాగుతున్న లాగుడు మామూలు లాగుడు కాదు.

సాధారణ గాంధారం, అంటే కింది 'గ', దాని మెట్టు మీద వేలు ఆనించి తీగని పక్కకి లాగితే స్వరం పైకి జరుగుతుంది. అంతర గాంధారం, అంటే పై 'గ', దాకా లాగడం మాకు చిన్నప్పటి నుంచీ అలవాటే. నాకు కావలసింది ఆ రెండిటికీ మధ్య ఉన్న చోటు. పైదాన్ని అందుకోబోయి అందుకోకుండా ఆగిపోవాలి. అమెరికా నల్లజాతివాళ్ళ పాట బ్లూస్, అది పాడేవాళ్ళ గాంధారం అక్కడుంటుంది, దాన్నే వాళ్ళు బ్లూ నోట్ అంటారు. గిటార్ మీద కూడా తీగని మెట్టుకి అడ్డంగా తోసే పట్టుకుంటారు, మన వీణలాగే. ఇది మొదటిసారి గమనించిన రోజు నాకు ఒక దూరపు చుట్టం తెలిసినట్టు అనిపించింది.

శనివారం సాయంత్రం మా మేడ మీద బ్లూస్ కచేరీ. మా తమ్ముడి కొడుకు, వాడి స్నేహితులు ఇద్దరు. వాడు ఎస్వీ యూనివర్సిటీలో ఎం.ఎస్సీ. చదువుతున్నాడు. గిటార్ తనంతట తనే నేర్చుకున్నాడు, స్వరజ్ఞానం మాత్రం నా దగ్గర. ముందు ఒక హాలు అడిగారు. వాళ్ళు చెప్పిన అద్దె పిల్లలు మోసేది కాదు. రెండో చోట "భక్తి పాటలైతే సరే" అన్నారట. వాడు ముఖం వేలాడేసుకుని ఇంటికొస్తే నేనే అన్నాను, "మన మేడ ఉంది కదరా" అని. అన్నాక గానీ కుర్చీలు, కరెంటు, వాన గుర్తు రాలేదు.

నవంబరు చివర మేడ మీద కచేరీ పెట్టుకోవడం సాహసమే. వాతావరణం వార్తల్లో మళ్ళీ అల్పపీడనం అంటున్నారు. కుర్చీల సంగతి ఇంకో తంటా. తిరుచానూరులో అమ్మవారి బ్రహ్మోత్సవాలు, సప్లయర్స్ వాళ్ళ కుర్చీలన్నీ అటే పోయాయి. బతిమాలితే 30 ఇస్తామన్నారు. వచ్చేది ఎందరో తెలియదు. మిగిలినవాళ్ళకి జంపఖానా పరుస్తాం, మంచిదే. కింద కూర్చుంటే తాళం వేయడానికి తొడ దొరుకుతుంది.

పాటకి ఈ ఊళ్లో కొదవ లేదు. కొండ మీద గుడి ముందు నాదనీరాజనం, కింద మహతి ఆడిటోరియం, అన్నమాచార్య కళామందిరం, 1959 నుంచీ ఉన్న సంగీత కళాశాల. అక్కడే నేను చదువుకున్నాను. దేవుడి ముందు పాడే ఊళ్లో పుట్టడం నా అదృష్టం అని ఇవాళ్టికీ అనుకుంటాను. కానీ ఒక మనిషి తన కష్టాన్ని ఎదుటి మనిషికి పాడి చెప్పుకునే పాటకి ఇక్కడ ఒక గది, ఒక వేదిక ఉండాలని ఎన్నాళ్ళుగానో కోరిక. 30 కుర్చీలతోనైనా మొదలు కానీ.

నిజం చెప్పాలంటే నేనే ఇంతవరకు బ్లూస్‌ని ఎదురుగా కూర్చుని వినలేదు. పదిహేనేళ్లుగా ఫోన్లోనే. 2011లో ముంబై బాంద్రాలో మెహబూబ్ స్టూడియోలో మహీంద్రా బ్లూస్ ఫెస్టివల్ మొదలైనప్పుడు, ఆ మొదటి ఏడాదే బ్లూస్ గిటారిస్టు బడీ గై వచ్చి వాయించాడని పేపర్లో చదివి, కత్తిరించి పుస్తకంలో పెట్టుకున్నాను. అప్పుడు చేతిలో చంటిది. తర్వాత ఏడాదికో కారణం. వచ్చే నెల రెండో వారం బెంగళూరులో ఒక బ్లూస్ రాత్రి ఉందని మావాడు చెప్పాడు. చిత్తూరు, పలమనేరు, కోలారు మీదుగా 250 కిలోమీటర్లు, బస్సులో ఐదారు గంటలు. ఆ మర్నాడు మద్రాసులో ఇంకోటి ఉందట, అది దగ్గరే గానీ ఆ రోజు ట్యూషన్ పిల్లల పరీక్ష. బెంగళూరుకి పోదామనే అనుకుంటున్నాను. ఈసారి కారణాలు వెతుక్కోను.

పిల్లలు వెళ్ళాక మార్కెట్‌కి నడిచాను. దారంతా ఒకటే ఆలోచన. "అత్తా, పాట మొదలయ్యే ముందు నువ్వొక ఐదు నిమిషాలు మాట్లాడాల" అని వాడు మొన్న అడిగాడు. ఏం చెప్పను? రాబర్ట్ జాన్సన్ అనే బ్లూస్ పాటగాడు నాలుగు రోడ్ల కూడలిలో దెయ్యానికి ఆత్మ అమ్ముకుని గిటార్ నేర్చుకున్నాడన్న కథ అందరూ చెప్పేదే, జనానికి నచ్చుతుంది కూడా. నాకు చెప్పబుద్ధి కాలేదు. 1936, 37ల్లో రెండే విడతలుగా 29 పాటలు రికార్డు చేసి, 27 ఏళ్లకే పోయిన మనిషి అతను. ఆ చేతివేళ్ళ కష్టాన్ని దెయ్యం ఖాతాలో వేయడం అన్యాయం.

బెండకాయలు ఏరుతుండగా తట్టింది, రైల్వే స్టేషన్ కథ చెప్పాలని. 1903లో అమెరికాలో మిసిసిపీ రాష్ట్రంలో టట్‌వైలర్ అనే చిన్న స్టేషన్. డబ్ల్యూ. సి. హ్యాండీ అనే బ్యాండు మాస్టరు ఆలస్యమైన రైలు కోసం ఎదురుచూస్తూ కునికిపాట్లు పడుతున్నాడు. చినిగిన బట్టల్లో ఒక నల్లజాతి మనిషి పక్కన కూర్చుని, గిటార్ తీగల మీద చాకు ఆనించి జార్చుతూ పాడుతున్నాడు. రెండు రైలు దారులు కలిసే ఊరికి పోతున్నానని ఒకే మాట మూడుసార్లు. అంత వింత సంగీతం తాను ఎన్నడూ వినలేదని హ్యాండీ తర్వాత రాసుకున్నాడు. ఆ పాడిన మనిషి పేరు మాత్రం ఎవరికీ తెలియదు. మన స్టేషన్లో రాత్రి ప్లాట్‌ఫాం మీద తువ్వాలు పరుచుకుని పడుకునేవాళ్ళని చూసినవాళ్ళకి ఈ కథ వేరే విడమర్చి చెప్పక్కర్లేదు. చాకు జార్చడం అంటే ఏమిటో కూడా మనకి కొత్త కాదు, మన గోటువాద్యం వాయించేది అలాగే, మెట్లు లేకుండా తీగ మీద కొయ్యముక్క జార్చుతూ.

మధ్యాహ్నం వంట, బట్టలు, కరెంటు బిల్లు. అందులో రాయాల్సిందేమీ లేదు.

సాయంత్రం ఐదున్నరకి ముగ్గురూ వచ్చారు. ఒకడి చేతిలో గిటార్, ఒకడి జేబులో మౌతార్గాన్, మూడోవాడి చంకలో కూర్చుని వాయించే చెక్కపెట్టె. హాల్లోనే మొదలుపెట్టారు. మావాడు ఊరికే వేళ్ళు సాపు చేసుకుంటూ ఐదు స్వరాలు పైకీ కిందికీ తిప్పుతున్నాడు. వంటింట్లోంచి అమ్మ కేకేసింది.

"ఏం రా, భావములోన వాయిస్తా ఉండావా?"

పిల్లలు నవ్వారు. నేను నవ్వలేదు, ఒళ్ళు జలదరించింది. స, సాధారణ గాంధారం, శుద్ధ మధ్యమం, ప, కైశికి నిషాదం. గిటార్ పిల్లలు బ్లూస్‌కి మొట్టమొదట నేర్చుకునే వరస అది. మనకి అదే శుద్ధ ధన్యాసి. అన్నమయ్య 'భావములోన' కీర్తన ఆ రాగంలో వినని చెవి తిరుపతిలో ఉండదు. ఐదు స్వరాలూ అవే. మధ్యమానికి, పంచమానికి నడుమ ఉన్న ప్రతిమధ్యమాన్ని, అంటే పై 'మ'ని, ఒక్క క్షణం తాకిస్తే చాలు, శుద్ధ ధన్యాసి గడప దాటి మిసిసిపీలో పడతాం.

తర్వాత నిదానమైన పాట ఒకటి ఎత్తుకున్నారు. చెక్కపెట్టె వాయించే పిల్లాడు మూడోసారీ తప్పాడు. "పన్నెండు బార్లు లెక్క పెట్టుకోలేకపోతున్నా ఆంటీ" అన్నాడు. బార్ అంటే పాటలో ఒక కొలత. బార్‌కి నాలుగు దెబ్బలు, పన్నెండు బార్లకి 48. ఆది తాళం ఎనిమిది అక్షరాలు. ఆరు ఆవర్తనాలు సరిగ్గా సరిపోతాయి! "బార్లు వదిలెయ్యి నాయనా, నా చెయ్యి చూడు" అని తాళం వేశాను. మొదటి రెండు ఆవర్తనాలు షడ్జం మీద నిలబడి ఉండాలి. మూడోది మధ్యమం మీదకి. నాలుగోది మళ్ళీ ఇంటికి. ఐదో ఆవర్తనంలో లఘువు, అంటే మొదటి నాలుగు అక్షరాలు, పంచమం; రెండు ద్రుతాలూ, అంటే మిగతా నాలుగు, మధ్యమం. ఆరోది షడ్జం. నడక తిశ్రం, అక్షరానికి మూడు మాత్రలు, తకిట తకిట. రెండోసారికే వాడికి పట్టుబడింది. వాడి ముఖం వెలిగిపోయింది, నా ముఖం కూడా వెలిగే ఉంటుంది. ఈ లెక్క నేను ఎక్కడా చదవలేదు, నా చేత్తో వేసి తెలుసుకున్నాను, అందుకే ఇక్కడ రాసి పెట్టుకుంటున్నాను.

అమ్మ చేతులు తుడుచుకుంటూ వచ్చి గుమ్మం దగ్గర కూర్చుంది. పాట అయ్యేదాకా కదల్లేదు.

"ఏం చెప్తా ఉండాడు పాటలో?"

"ఆలి ఎళ్ళిపోయింది అవ్వా. రైలెక్కి పోయింది. ఆమె లేని ఇంట్లో పొద్దు పోలేదంట."

"అదే మాట రెండేసి తూర్లు చెప్తాడేం?"

మావాడికి జవాబు తోచలేదు. నేను ఏదో చెప్పబోయేంతలో అమ్మే అంది. "మా నాయన కపిల తోలేటప్పుడు గూడా అంతే. ఎద్దులు దిగేటప్పుడు ఒగసారి అనేది, ఎనక్కి ఎక్కేటప్పుడు అదే మాట ఇంగోసారి అనేది. ఆ సందులో తరువాతి మాట ఆలోచిచ్చుకోవాల గదా."

పాకాల దగ్గర అమ్మ పుట్టిన ఊరు. రెండెద్దులు ఏటవాలు దారిలో దిగితే తోలు తొండం బావిలోంచి నీళ్లు తెచ్చి కాలవలో పోసేది. కరెంటు మోటార్లు వచ్చాక కపిల పోయింది, దాంతో పాట కూడా. బ్లూస్‌లో మొదటి పాదాన్ని రెండుసార్లు పాడి మూడో పాదంతో ముడి వేస్తారు. ఆ రెండోసారి, పాట అప్పటికప్పుడు అల్లేవాడికి దొరికే ఊపిరి. పత్తి చేలల్లో, అడవి కొట్టేచోట పాడుకున్న పాటల్లోంచి వచ్చిన అలవాటు అది. 1865లో అమెరికాలో నల్లవాళ్ళ బానిసత్వం పోయినా భూమి దొరికింది లేదు, కోరుకి చేసి ఏడాది చివర అప్పు మిగుల్చుకున్నవాళ్ళు. అమ్మకి ఆ సంగతి చెప్తే "కోరుకి చేసేవోళ్ళదా ఈ పాట" అని తల ఊపింది. ఆ ఒక్క మాటతో ఆమెకి అంతా అర్థమైంది.

ఆ చేలల్లోంచే మడ్డీ వాటర్స్ అనే బ్లూస్ పాటగాడు 1943లో చికాగో చేరాడు. ఆ ఊరి హోటళ్ళ రొదలో కొయ్య గిటార్ ఎవరికీ వినపడక ఎలక్ట్రిక్ గిటార్ పట్టుకున్నాడు. మన పల్లెల్లోంచి బెంగళూరుకి పోయినవాళ్ళు గొంతు పెంచి మాట్లాడటం నేర్చుకున్నట్టే.

శనివారం నేను ఇంకొక్క సంగతి చెప్తాను. బి. బి. కింగ్ అనే బ్లూస్ గిటారిస్టు పాడుతూ వాయించేవాడు కాదు. ఒక మాట తను పాడి, జవాబు గిటార్‌కి వదిలేసేవాడు. బుర్రకథలో కథకుడు ఒక మాట చెప్పి ఆగితే వంతలు అందుకుంటారు చూడండి, ఆయన గిటారే ఆయనకి వంత. దాని పేరు లూసిల్. 1949 చలికాలంలో ఆర్కన్సాలో ట్విస్ట్ అనే ఊళ్లో ఆయన వాయిస్తున్న చోట ఇద్దరు కొట్టుకుని, వెచ్చదనానికి పెట్టిన కిరసనాయిలు పీపా తన్నేశారు. మంటల్లోంచి అందరూ బయటపడ్డాక, గిటార్ లోపలే ఉండిపోయిందని ఆయన మళ్ళీ లోపలికి పరిగెత్తాడు. ఆ ఇద్దరూ కొట్టుకున్నది లూసిల్ అనే అమ్మాయి కోసమని మర్నాడు తెలిసింది. ఇంకెప్పుడూ అలాంటి పిచ్చిపని చేయకూడదని గుర్తుండేలా గిటార్‌కి ఆ పేరు పెట్టుకున్నాడు. నేనైనా వీణ కోసం మళ్ళీ లోపలికి వెళ్ళేదాన్నే.

ఇవాళ హాల్లో, ఫోన్‌లో పదిహేనేళ్లు వినపడనిది వినపడింది. తీగ మీంచి వేలు జరిగేటప్పటి గీరు. మావాడు పాదానికీ పాదానికీ మధ్య ఆగినప్పుడు, ముగ్గురూ ఒకరి ముఖం ఒకరు చూసుకునే ఆ రెండు అక్షరాల మౌనం. అందులో నేనూ ఉన్నాను, తాళం వేస్తూ. అమ్మ ఉంది. రికార్డులో ఆ ఖాళీ ముందే నిండిపోయి వస్తుంది, మనం నింపేదేమీ ఉండదు.

వెళ్ళబోతూ వాడు చెప్పులేసుకుంటూ అడిగాడు. "అత్తా, ఆఖరి పాటకి నువ్వు గూడా వీణ ఎత్తుకోరాదా?"

"తీగ కొత్తది. నిలబడదు రా."

"ఇంకా రెండు దినాలుంది గదా."

అందరూ వెళ్ళాక బెంగళూరు బస్సుకి ఒక సీటు బుక్ చేశాను. భోజనాలయ్యాక దీపం తగ్గించి వీణ ముందు కూర్చున్నాను. పొద్దున వేసిన సారణి అప్పుడే కిందికి దిగి ఉంది. బిగించి గాంధారం మెట్టు మీద లాగి చూశాను. నాలుగోసారికి ఆ మధ్య చోటు దొరికింది, ఒక్క లిప్త నిలిచి జారిపోయింది. వేలు మండుతోంది. మళ్ళీ బిగించాను.

బయట గాలి మారింది, మట్టి వాసన వస్తోంది. ఎదురింటివాళ్ళ దగ్గర శనక్కాయలు ఎండబోసే పెద్ద టార్పాలిన్ ఉండాలి. పొద్దున్నే వెళ్ళి అడగాలి.