ఇరవై ముఖాల బంతి

మన పదో తరగతి బ్యాచ్ మళ్ళీ కలిసేటప్పుడు వేసే సావనీరుకి రెండు పేజీలు రాసివ్వమని కమిటీవాళ్ళు అడగ్గానే ఏం రాయాలో నాకు తట్టేసింది. పంపు దగ్గర సంగతి లీడరు రాస్తాడు. సైకిల్ స్టాండు కథని సైకిల్ బ్యాచ్ ఎలాగూ వదలదు. డ్రాయింగు మాస్టారు క్రిస్మస్ చెట్టుకి చేయించిన కాగితం బంతి గురించి మాత్రం నేనే రాయాలి. ఆ పద్ధతిని ముప్పయ్యేళ్ళుగా చేతిలో ఉంచుకున్నవాణ్ణి నేనే కాబట్టి, కొలతలతో సహా రాసి పెడుతున్నాను. ఆరు నుంచి తొమ్మిది దాకా తరగతులు ఈ వ్యాసంలో ఉండవు. నేరుగా 1989 డిసెంబరుకి, పదో తరగతి బి సెక్షనుకి వస్తున్నాను.

బడి హాల్లో క్రిస్మస్ చెట్టుగా కిరసనాయిలు డబ్బాలో ఇసక పోసి సరుగుడు కొమ్మ నిలబెట్టేవాళ్ళం గదా. సరుగుడుకి మనం ఆకు అనుకునేది నిజానికి సన్నటి కణుపుల పుల్ల. చూడ్డానికి ఒత్తుగా, పచ్చగా ఉంటుంది గానీ బరువు మోయలేదు. మట్టి బొమ్మ కడితే కొమ్మ చివర నేల చూసేది. గాజు బంతి కడితే జారిపోయేది. అందుకే మాస్టారు ఆ ఏడు కాగితం బంతి చేయిద్దామన్నారు, అదీ మన బొమ్మలతోనే. "బజార్లో దొరికేది బజారుది. మీరు వేసింది మీది" అన్నారు. డ్రాయింగు షీటుతో చేసిన ఆ బంతి మొత్తం బరువు ఆరు గ్రాములకి అటూ ఇటూ ఉంటుంది. నాలుగంగుళాల వెడల్పున్నా సరుగుడు పుల్ల హాయిగా మోస్తుంది.

ఒక్కో బంతికి ఇరవై వృత్తాలు కావాలి, ఒక్కో వృత్తం బంతికి ఒక ముఖం, తలా ఒక ముఖం మీద బొమ్మ వేయాలి. మనం ముప్ఫై ఎనిమిది మందిమి, రెండు బంతులు చేయాలి, రెండు ముఖాలు తక్కువొచ్చాయి. మాస్టారు ఆ రెండూ తానే వేసేయొచ్చు. వేయలేదు. ఒకటి బడి గంట కొట్టే తాతయ్యకిచ్చారు, ఇంకొకటి గేటు దగ్గర జామకాయల అవ్వకి. తాతయ్య గంట వేశాడు, పక్కనే కొట్టే సుత్తి కూడా. అవ్వ పెన్సిలు పట్టుకుని చాలాసేపు కాగితం వైపే చూసింది. తర్వాత అడుగున మూడు చుక్కలు, వాటి సందుల్లో రెండు, పైన ఒకటి పెట్టి, చెయ్యి ఎత్తకుండా ముగ్గు తిప్పేసింది. త్రిభుజంలో అంత ఒద్దికగా కుదిరిన బొమ్మ మన ముప్ఫై ఎనిమిదింటిలో ఒక్కటీ లేదు.

ఇక పద్ధతి. వృత్తలేఖినిని అంగుళానికి తెరిచి వృత్తం గీయండి. తెరిచింది మార్చకుండానే అంచు మీద గుర్తులు పెట్టుకుంటూ వెళ్తే సరిగ్గా ఆరు గుర్తులు పడతాయి. ఒకటి విడిచి ఒకటి కలిపితే సమబాహు త్రిభుజం వస్తుంది, భుజం దాదాపు నలభై నాలుగు మిల్లీమీటర్లు. త్రిభుజం బయట మిగిలిన మూడు చంద్రవంకలే రెక్కలు. ఏ4 కాగితంలో అడ్డంగా నాలుగు, నిలువుగా ఐదు వృత్తాలు పడతాయి కాబట్టి ఒక్క కాగితంతో ఒక బంతికి సరిపోతుంది. కాగితం 120 నుంచి 170 జీఎస్సెమ్ (చదరపు మీటరుకి ఇన్ని గ్రాములని కాగితం మందాన్ని చెప్పే లెక్క) మధ్య ఉండాలి. నోటుబుక్కు కాగితం ఆకారం నిలబెట్టదు, శుభలేఖ అట్ట మడత దగ్గర పగులుతుంది.

మన మొదటి బంతి మూసుకోకపోవడం మీ అందరికీ గుర్తుండే ఉంటుంది. పంతొమ్మిది ముఖాలు అతికాక ఇరవయ్యోది పెట్టడానికి చోటు చాల్లేదు. కారణం చిన్నది. ఎవరి జామెట్రీ బాక్సుతో వాళ్ళు గీశాం, కొందరి వృత్తలేఖినికి మర వదులు. ఒక్కో వృత్తంలో అర మిల్లీమీటరు తేడా వస్తే ఇరవై వృత్తాలు తిరిగొచ్చేసరికి అదంతా చివరి ముఖం మీద పడుతుంది. మాస్టారు ఎవరినీ ఏమీ అనకుండా, రెక్కల మధ్య బ్లేడు పెట్టి మొత్తం విప్పేశారు. పాత శుభలేఖ అట్టతో ఒకే ఒక్క త్రిభుజం కోసి, దాన్నే అన్ని వృత్తాల మీద పెట్టి గీతలు సరిచేశారు. ఇప్పటికీ నేను మొదట చేసే పని అదే. ఒక్క అచ్చు, దానితోనే ఇరవై.

గీసిన గీత మీద సిరా అయిపోయిన రీఫిల్‌ని స్కేలు పెట్టి గట్టిగా లాగాలి. అప్పుడు మడత కత్తిలా పడుతుంది. ఈ పని మానేసి వేళ్ళతో మడిస్తే రెక్క గుండ్రంగా వంగి, ముఖాల మధ్య సందులొస్తాయి. రెక్కల్ని బొమ్మ ఉన్న వైపుకే ఎత్తాలి. అలా ఎత్తితే పక్కపక్క రెక్కలు వీపూ వీపూ కలిపి అతుక్కుంటాయి, బంతి చుట్టూ పూరేకుల్లా నిలబడతాయి. ఆ రేకుల్లో ఒకదాని మీదే పేరు, తరగతి, సంవత్సరం పెన్సిలుతో రాయించేవారు మాస్టారు. పెన్సిలు గీత వెలిసిపోదు. రంగు పెన్నులతో రాసినవి ఎండ తగిలే గోడ పక్కన రెండు మూడేళ్ళకే పాలిపోతాయి.

బొమ్మ వేయించే ముందే తేల్చుకోవాల్సింది ఒకటుంది, చాలామంది తప్పేది ఇక్కడే. ఇరవైలో పది త్రిభుజాలు కొన పైకి ఉంటాయి, పది కొన కిందికి. ఐదు ముఖాల కొనలు పైన ఒకచోట కలిస్తే టోపీ అయింది, అవి కొన పైకి. నడుము పట్టీలో పది, ఒకటి పైకి ఒకటి కిందికి. అడుగు టోపీలో ఐదు, కొన కిందికి. ఈ లెక్క చెప్పకుండా అందరికీ కాగితాలిచ్చేస్తే, బంతి కట్టాక కొందరి ఇళ్ళు తలకిందులుగా వేలాడతాయి. మాస్టారు కాగితం వెనక పైకి చూసే బాణం, కిందికి చూసే బాణం వేసిచ్చారు. పైకొనకి చెట్టు, గుడారం, లంగా వేసుకున్న అమ్మాయి బాగా కుదురుతాయి. కిందికొనకి మనుషుల మొహాలు, ద్రాక్షగుత్తి, గాలిపటం. త్రిభుజంలో పట్టే పెద్ద గుండ్రం అంగుళమే కాబట్టి ఒక్కో ముఖంలో ఒక్క బొమ్మే వేయించాలి.

జిగురు విషయంలో ఆ ఏడు పొరపాటే జరిగింది. మైదా ఉడికించి వాడాం. పురుగు పట్టకుండా పుస్తకాలు బైండింగు చేసేవాళ్ళు అందులో మైలుతుత్తం కలుపుతారు. అది విషం. పిల్లల చేతికి వెళ్ళే వస్తువులో వద్దని మాస్టారు కలపనివ్వలేదు, అది సరైనదే. కానీ వట్టి మైదా జిగురు వెండిపురుగుకి విందు. ఇప్పుడు ఫెవికాల్ ఉంది. అగ్గిపుల్ల కొనతో రెక్క వీపున పల్చగా రాసి, బట్టలకేసే క్లిప్పు నాలుగు నిమిషాలు పెడితే చాలు. ఎక్కువైతే కాగితం ఉబ్బి వంకర తిరుగుతుంది. రెండు టోపీలు, నడుము పట్టీ విడివిడిగా చేసి, అరగంట ఆరనిచ్చి, అప్పుడు కలపండి.

పై టోపీ కలిసేచోట చిన్న రంధ్రం చేసి దారం దించండి. లోపల కొసకి చొక్కా బొత్తాం కట్టండి. వట్టి ముడి అయితే రెండోసారి వేలాడదీసేసరికే కాగితాన్ని చింపుకుని పైకొచ్చేస్తుంది. ఇదంతా అడుగు మూయకముందే అయిపోవాలి, మూశాక లోపలికి దారి ఉండదు.

మాస్టారు ఒక్క బొమ్మనీ దిద్దలేదు. ఐదు కాళ్ళ కుక్క ఎవరిదో మీకు తెలుసు, దాన్ని కూడా. "ఆ కాలు తీసేస్తే ఇది నా కుక్క అవుతుంది" అన్నారు. నా షాపుకొచ్చే తల్లిదండ్రులతో ఇప్పుడు ఆ మాటే నేనంటాను.

షాపు గురించి రెండు ముక్కలు. బస్టాండు ఎదురుగా ఒక్క జిరాక్స్ మిషనుతో మొదలుపెట్టాను, ఇవాళ నాలుగున్నాయి, రెండు కలర్‌వి. పిల్లలిద్దరి చదువులూ దీని మీదే పూర్తయ్యాయి. నవంబరు ఆఖరి వారం నుంచి పిల్లల డ్రాయింగు పుస్తకాలు పట్టుకుని జనం వస్తారు, క్రిస్మస్ చెట్టుకి కట్టుకునేలా చేసిపెట్టమని. నేను మొదట చెప్పేది, అసలు బొమ్మ మీద కత్తెర పెట్టొద్దని. కాపీ తీసి కాపీనే కోస్తాం.

పేజీ నిండా ఉన్న బొమ్మని అంగుళానికి తగ్గించాలంటే మిషను ఒక్కసారిలో చేయదు, ఇరవై ఐదు శాతానికి ఒకసారి, దాన్ని మళ్ళీ సగానికి ఇంకోసారి తీయాలి. కానీ అప్పటికి స్కెచ్ పెన్ గీత వెంట్రుకంత అయిపోతుంది. అందుకని పేజీలో మూడంగుళాలున్న ఒక్క కుక్కపిల్లనో, ఒక్క తాతనో ఎంచుకుని ముప్ఫై శాతానికి తీయడం మేలు. క్రేయాన్ బొమ్మని పైనుంచి లాక్కునే ట్రేలో ఎప్పుడూ వేయకూడదు, మైనం రోలర్లకి అంటుకుని తర్వాత వచ్చే ప్రతి కాగితం మీదా చారలు పడతాయి. గాజు మీదే, మధ్యలో పారదర్శక షీటు వేసి తీయాలి. అలాగే క్రేయాన్ బొమ్మని నేరుగా లామినేషన్‌కి పెట్టినా వేడికి మైనం కరిగి పాకుతుంది. కలర్ కాపీ తీసి దాన్ని లామినేట్ చేయండి. బిళ్ళలా కోసేటప్పుడు కాగితం చుట్టూ మూడు మిల్లీమీటర్ల ప్లాస్టిక్ అంచు వదలాలి, దారం రంధ్రం పడేచోట ఇంకాస్త ఎక్కువ. రంధ్రం ప్లాస్టిక్‌లోనే పడాలి. కాగితాన్ని తాకితే మన సముద్రం గాలి తేమ అక్కడినుంచే లోపలికి దూరుతుంది.

డల్లస్, న్యూజెర్సీ వైపున్న మనవాళ్ళకి ఇంకో దారి ఉంది, మీ దగ్గర సులువుగా దొరుకుతుంది. వేడికి కుదించుకుపోయే ప్లాస్టిక్ షీటు. ష్రింకీ డింక్స్ పేరుతో 1973లో విస్కాన్సిన్‌లో ఇద్దరు తల్లులు మొదలుపెట్టింది అదే. షీటు పాలిస్టైరీన్. తయారీలో సాగదీసి చల్లార్చినది, వేడి తగిలితే పాత కొలతకి వెళ్ళిపోతుంది. పొడవు, వెడల్పు దాదాపు మూడో వంతుకి తగ్గి, మందం తొమ్మిది రెట్లవుతుంది. కాబట్టి మూడంగుళాల బిళ్ళ కావాలంటే తొమ్మిదంగుళాల బొమ్మ వేయించండి. రంధ్రం ముందే, ఆరు మిల్లీమీటర్లది చేయండి, అది రెండుకి వస్తుంది. రంగులన్నీ ముదురుతాయి కాబట్టి లేతగా వేయించండి. ఇక్కడ క్రేయాన్ వద్దు. కలర్ పెన్సిలు వాడాలంటే నున్నటి షీటుని ముందు సన్న ఉప్పుకాగితంతో రుద్దాలి. అవెన్ 160 డిగ్రీల సెల్సియస్ దగ్గర, ఒకటి నుంచి మూడు నిమిషాలు. మధ్యలో షీటు చుట్టుకుపోతుంది, కంగారుపడి తీయకండి, మళ్ళీ చదునవుతుంది. అప్పుడు తీసి, బటర్ పేపరు వేసి బరువైన పుస్తకంతో పదిహేను సెకన్లు నొక్కండి. కిటికీ తెరిచి ఉంచండి.

ఉప్పు పిండి గురించి ఏటా అడుగుతారు. రెండు కప్పుల మైదా, కప్పు ఉప్పు, ముప్పావు కప్పు నీళ్ళు, పావంగుళం మందం, అవెన్‌లో వంద డిగ్రీల సెల్సియస్ దగ్గర మూడు గంటలు, మధ్యలో తిరగేయాలి. చంటిపిల్లల అరచేతి ముద్రకి బాగుంటుంది. మన తీరంలో మాత్రం వానాకాలానికి ఉప్పు చెమ్మ లాగి మెత్తబడుతుంది, రెండు వైపులా వార్నిష్ రెండు పూతలు పడాల్సిందే. సరుగుడుకి అది బరువు కూడా.

చాలా ఏళ్ళ తర్వాత తెలిసిన సంగతి ఒకటి. చర్చిల్లో కట్టే ముళ్ళ ముళ్ళ మొరేవియన్ నక్షత్రం కూడా బళ్ళోనే పుట్టింది. 1830ల్లో జర్మనీలోని నీస్కీలో పిల్లలకి జామెట్రీ నేర్పడానికి చేయించారట. మాస్టారుకి ఇది చెప్పి ఉంటే ఎంత సంతోషించేవారో.

మొదటి బంతి హాల్లో ఉండిపోయింది. రెండోది నా దగ్గరుంది, చెప్పుల డబ్బాలో, ఎండు వేపాకు మధ్య. రెండు ముఖాలు వెండిపురుగు తినేసింది. అవ్వ ముగ్గు చెక్కుచెదరలేదు. దాన్నీ తాతయ్య గంటనీ కలర్ కాపీ తీసి పెట్టాను.

డిసెంబరులో కలిసేటప్పటికి మళ్ళీ రెండు బంతులు కడదామని నా కోరిక. మీ పిల్లలు గానీ మనవలు గానీ వేసిన బొమ్మ ఒక్కోటి నవంబరు ఆఖరుకల్లా కమిటీకి పంపండి. ఇంటి పేరు మొదటి అక్షరం అ నుంచి న దాకా ఉన్నవాళ్ళు కొన పైకి, మిగిలినవాళ్ళు కొన కిందికి వేయించండి, తక్కువెక్కువలు నేను సర్దుతాను. బొమ్మ అంగుళం గుండ్రంలో ఉండాలి. ఒకే కవరులో రెండు పెడితే మధ్యలో పల్చటి కాగితం వేయండి. లేకపోతే కింది బొమ్మ క్రేయాన్ పైదాని వీపుకి అంటుతుంది, అక్కడ జిగురు పట్టదు.