బోర్లా పడుకున్న ఏడో రోజు

కంటి ఆపరేషన్ అయ్యాక నాన్న బోర్లా పడుకోవడం మొదలై ఈ రోజుతో ఏడు రోజులు. పొద్దున్న వెళ్లేసరికి కుర్చీలో కూర్చుని, టేబుల్ మీద దిండు వేసుకుని, నుదురు దానికి ఆనించి ఉన్నాడు. కాఫీ చల్లార్చి స్ట్రా వేసి ఇస్తున్నాం. పెరట్లో దింపు వాళ్లు కొబ్బరికాయలు దింపుతున్నారు. తల ఎత్తకుండానే ఆ చప్పుడు బట్టి చెట్టుకెన్ని పడ్డాయో లెక్క కట్టి అమ్మకి చెబుతున్నాడు.

నెల మొదట్లో కుడికంట్లో మెరుపులు వస్తున్నాయని ఫోన్‌లో చెప్పాడు. నల్ల నలుసులు కూడా తిరుగుతున్నాయన్నాడు. "బీపీ ఏమో, కాసేపు పడుకో నాన్నా" అన్నాను. ఆ మాట అన్నది నేనే. రెండేళ్ల కిందట ఆ కంటికే శుక్లాల ఆపరేషన్ అయింది. అలాంటి కళ్లకి ఈ ముప్పు ఎక్కువని అప్పటికి నాకు తెలియదు. పక్కూళ్లో స్లాబు పని ఉందని ఆయనా నాలుగు రోజులు ఆగాడు. ఐదో రోజుకి ముక్కు వైపు నుంచి తెర దిగినట్టు అయింది. అప్పుడు కాకినాడ పరిగెత్తాం.

కంటి వెనక గోడకి అంటుకుని ఉండే రెటీనా పొరకి చిరుగు పడి, దాని కిందకి నీరు చేరి పొర ఊడిపోయిందన్నారు డాక్టర్ గారు. నాన్న నలభై ఏళ్లు తాపీ పని చేసినవాడు. "నెర్రలోంచి చెమ్మ దిగి ప్లాస్టరింగ్ ఉబ్బినట్టా అండి?" అని అడిగాడు. అచ్చం అంతేనన్నారు ఆయన.

ఒట్టి చిరుగుగా ఉన్నప్పుడే వెళ్లి ఉంటే లేజర్‌తో చుట్టూ అతికించి అదే రోజు ఇంటికి పంపేవారట. ఇది వింటుంటే నాకు కడుపులో తిప్పింది. పొర ఊడాక దారులు వేరు. చిరుగు చిన్నదై కంటి పైభాగంలో ఉంటే కొందరికి గ్యాస్ ఇంజెక్షన్‌తో, లేజర్‌తో సరిపోతుంది. వయసులో ఉన్నవాళ్లకి ఎక్కువగా కంటిగుడ్డు బయటి నుంచి సిలికాన్ పట్టీ కుట్టి, గోడనే లోపలికి నొక్కుతారు. నాన్నకి విట్రెక్టమీ చేశారు. కంట్లో ఉండే జెల్లీ తీసేసి, పొరని సర్ది, లేజర్ చేసి, గ్యాస్ నింపారు. కొన్ని కళ్లకి గ్యాస్ బదులు సిలికాన్ ఆయిల్ పెడతారు, కానీ అది తీయడానికి కొన్ని నెలల తర్వాత మళ్లీ ఆపరేషన్ కావాలి. నాన్నకి పెట్టింది రెండు వారాల్లో దానంతట అదే కరిగిపోయే రకం.

బోర్లా ఎందుకో ఆయనకి రెండోసారి చెప్పనక్కర్లేకపోయింది. గోడ మట్టం చూసే రసమట్టంలో బుడగ ఎప్పుడూ పైకే పోతుంది. తల వంచితే కంటి వెనక గోడే పైకి వస్తుంది, బుడగ దాన్ని ఒత్తి పట్టుకుంటుంది. రాత్రి నిద్రలో వెల్లకిలా తిరుగుతాడేమోనని అమ్మ వారం నుంచి పక్కనే కూర్చుంటోంది.

ఆ నాలుగు రోజుల ఆలస్యంలో రెటీనా మధ్య భాగం కూడా ఊడింది. అది ఊడకముందే చేస్తే చూపు చాలావరకు నిలుస్తుంది. ఇప్పుడు ఎంత వస్తుందో నెలల మీద గానీ తెలియదు.

మధ్యాహ్నం తమ్ముడు ఫోన్ చేశాడు. హైదరాబాద్‌లో ఇంకో డాక్టర్‌కి చూపిద్దాం, రాజమండ్రి నుంచి ఫ్లైట్‌లో రమ్మన్నాడు. గట్టిగా వద్దన్నాను. పైకి వెళ్తే గ్యాస్ వ్యాకోచించి కంట్లో ప్రెషర్ పెరుగుతుంది, ఉన్న చూపు కూడా పోవచ్చు. గ్యాస్ పూర్తిగా కరిగిందని డాక్టర్ గారు చెప్పాకే విమానం. గ్యాస్ ఉందని తెలిసేలా చేతికి కట్టిన పట్టీని నాన్న స్నానానికి కూడా తీయనివ్వడం లేదు. వేరే ఏదైనా ఆపరేషన్ అవసరమైతే మత్తు ఇచ్చేవాళ్లకి అది తెలియాలట. తమ్ముణ్ని గౌతమి రైలుకే టికెట్లు చూడమన్నాను.

సాయంత్రం చుక్కల మందు వేయడానికి లేపి కూర్చోబెట్టాను. పైన సన్నగా వెలుతురు కనిపిస్తోందన్నాడు. కొబ్బరాకు నీడలా ఏదో, దాని కింద ఒక గీత, నీళ్లు ఊగినట్టు. తల కాస్త ఇటు, కాస్త అటు వంచి చూశాడు.

"ఎటు వంచినా గీత వంగట్లేదే అమ్మాయ్, మట్టంగానే ఉంటోంది."

అమ్మ పైట చెంగుతో కళ్లు తుడుచుకుంది. నేను రెండో చుక్క వేసి, మళ్లీ దిండు సర్దాను.